బావి తవ్వించిన షాయరా – మహలఖా బాయి చందా

జనగామలో రైలెక్కి సికింద్రాబాదు పోయేవారికి ఆలేరు, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ దాటినాక కిటికీలోంచి ఒక గుట్ట కనపడుతుంది. అదే మౌలాలి గుట్ట. మానుకోట నుండి వచ్చేవారికీ అదే దారి. భూపాలపల్లి సోదరులకు రైలు లేదు గనుక బస్సులో హన్మకొండకు వచ్చి, కాజీపేటలో బండి పట్టుకుంటారు. వారికీ ఆ గుట్టే కనపడుతుంది. చిన్నప్పటి నుండి మేము ఆ గుట్ట దిక్కు తిరిగి సలాం చేసుకున్న వాళ్ళమే గాని, ఆ గుట్ట కింద ఒక తోటలో తల్లి పక్కన నిద్రపోతున్న బిడ్డ ఎవరో మాకు ఎవరూ చెప్పలేదు. పెద్దయినాక తెలిసింది. తెలిసినా మేము మా పిల్లలకు చెప్పలేదు. ఆ తప్పు కొంతైనా దిద్దుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొని బతికేవాళ్ళం. చాలా ఏళ్ళ కింద ఎనిమిదో తరగతిలో గజల్ పాఠం నడుస్తుండగా ఒక ఆడపిల్ల లేచి, షాయర్లందరూ మగవాళ్ళేనా, ఆడవాళ్ళు ఒక్కరూ లేరా అని అడిగింది. ఉన్నారమ్మా, రేపు చెప్తామన్నాము. ఆ రేపు రాలేదు. ఎందుకు రాలేదంటే, మాకు గుర్తుకొచ్చిన పేరు మహలఖా బాయి చందాది. ఆమె దర్బారులో ఆడి పాడిన మనిషి. తవాయఫ్ అనే మాట పిల్లల ముందు ఎట్లా పలకాలో మాకు తోచలేదు. ఆ పిల్ల పదో తరగతి తర్వాత చదువు మానేసింది. మా బాకీ అట్లనే మిగిలిపోయింది.

ఇక ఆమె కథకు వద్దాము.

మహలఖా బాయి 1768లో పుట్టినది. తల్లి పేరు రాజ్ కుఁవర్. ఆ కుటుంబం గుజరాత్ దిక్కు నుండి బతుకు వెదుక్కుంటూ దక్కనుకు చేరిన కుటుంబం. మగదిక్కు లేని ఇల్లు, చేతిలో పైసా లేదు, వెంట ఆడపిల్లలు. ఆ పిల్లలను ఆడి పాడే భాగవతుల మేళం ఒకటి చేరదీసినది. వారికి దొరికిన అన్నమూ విద్యా అదే. ఎవరు ఏ పని చేసినారని అడిగే ముందు, వారికి ఇంకే పని దొరికేదని అడగడం న్యాయం. నిజాం అలీ ఖాన్ రాజధానిని ఔరంగాబాదు నుండి హైదరాబాదుకు మార్చిన కాలంలో వీరూ హైదరాబాదు చేరుకున్నారు. బిడ్డ కడుపులో ఉండగా రాజ్ కుఁవర్ మౌలాలి గుట్టకు జియారత్‌కు పోయినదనీ, అక్కడ కానుపు తప్పిపోయే గండం వచ్చినదనీ, గుట్ట మీది మొక్కుతో ఆ గండం గడిచినదనీ చెప్పుకుంటారు. బిడ్డ బతికి బట్టకట్టినది. ఆమెకు అమ్మమ్మ పేరే పెట్టి చందా బీబీ అని పిలుచుకున్నారు.

రాజ్ కుఁవర్ అక్కకు పిల్లలు లేరు. ఆమె నిజాం దివాను రుక్నుద్దౌలా అండలో ఉండే మనిషి. చందాను ఆమె పెంచుకున్నది. ఈ పెంపకమే చందా బతుకును మార్చినది. ఆ ఇంట్లో పుస్తకాలున్నవి, ఉస్తాదులున్నారు. పాటా ఆటా ఒక దిక్కు, ఉర్దూ ఫార్సీలు ఒక దిక్కు నేర్చినది. అంతటితో ఆగలేదు. గుర్రపు స్వారీ, విలువిద్య, బల్లెం విసరడం కూడా పట్టుబట్టి నేర్చుకున్నది. సంగీతంలో ఆమె గురువు ఖుష్‌హాల్ ఖాన్ అనూప్, ఆ కాలంలో దక్కనులో పేరున్న కళావంతుడు.

1775లో రుక్నుద్దౌలా హత్యకు గురైనాడు. చందాకు అప్పటికి ఏడేళ్ళు. తర్వాత దివాను అయిన అరస్తు జా ఆమె ప్రతిభను గుర్తించి దర్బారుకు దగ్గర చేసినాడు. రెండవ ఆసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ ఆమెను ఎంత నమ్మినాడంటే, మూడు దండయాత్రలకు వెంట తీసుకపోయినాడు. వాటిలో ఒకటి మన నిర్మల్ దిక్కే. మగవారి దుస్తులు వేసుకొని, విల్లు పట్టుకొని, గుర్రం మీద సైన్యం వెంట ఆమె నడిచినది. సేవకు మెచ్చి నిజాం ఆమెకు జాగీర్లు ఇచ్చినాడు. హైదర్‌గూడ, అడిక్‌మెట్ మొదలైనవి అందులో ఉన్నవి. 1802లో మహలఖా బాయి అనే బిరుదు ఇచ్చి ఉమ్రావుల వరుసలో కూర్చోబెట్టినాడు. మాహ్ అంటే చంద్రుడు, లఖా అంటే మొఖం. చంద్రముఖి అన్నమాట. చందా అన్నా చంద్రుడే గదా! ఆమె బయటికి కదిలితే ముందు నగారా మోగేది, వెంట సిపాయిల దళం నడిచేది. ఆ దర్బారులో ఒక ఆడమనిషికి అంత మర్యాద దొరకడం చిన్న సంగతి కాదు.

ఇది ఒక వరస. ఇంకో వరస ఆమె కవిత్వం. 1798లో ఆమె దీవాను తయారైనది. అందులో 125 గజళ్ళు. ఒక్కో గజల్‌కు అయిదు షేర్లు, లెక్కకు 625 షేర్లు. ప్రతి గజల్ చివర మౌలా అలీని తలుచుకుంటుంది. అయిదు అనే లెక్క కూడా పంజెతన్ మీది భక్తితోనే పెట్టుకున్నదని పెద్దలు అంటారు. దర్బారులో రాజును పొగిడే నోరే గజల్ ముగింపుకు వచ్చేసరికి తన అసలు యజమానిని తలుచుకొని వంగుతుంది. మౌలాలి గుట్ట మీది మొక్కుతో దక్కిన బిడ్డ ఆ రుణం అట్లా తీర్చుకున్నదని మేము అనుకుంటాము.

ఉర్దూలో దీవాను కూర్చిన మొదటి స్త్రీ మహలఖా బాయి అని చాలా కాలం పుస్తకాలలో రాసినారు. తర్వాత హైదరాబాదుకే చెందిన లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దీవాను బయటపడినది. అది 1797 నాటిది, అంటే ఒక ఏడాది ముందుది. దీనివల్ల మహలఖా బాయికి తక్కువేమీ రాలేదు. మన దక్కను నేల మీద ఏడాది తేడాతో ఇద్దరు ఆడవాళ్ళు దీవాన్లు కూర్చినారని తెలిసింది. అది మనందరికీ గర్వకారణం.

1799లో మీర్ ఆలం ఇంట జరిగిన మెహఫిల్‌లో ఆమె తన దీవాను ప్రతి ఒకటి ఆంగ్లేయ అధికారి జాన్ మాల్కంకు బహుమతిగా ఇచ్చినది. అంతకు ముందు ఏడాదే నిజాంకు, ఇంగ్లీషు కంపెనీకి ఒడంబడిక కుదిరి ఉన్నది. ఆ పుస్తకం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నది. దాచుకున్నవారి దగ్గర పుస్తకం నిలిచినది. మరి మన దగ్గర ఉన్నవి ఎన్ని నిలిచినవో మనమే లెక్క చూసుకోవాలి.

సంపాదించినదంతా ఆమె మేడల మీదనే పెట్టలేదు. గ్రంథాలయం పెట్టినది. గులాం హుసేన్ జౌహర్ చేత మాహ్‌నామా అనే దక్కను చరిత్ర రాయించినది. మూడు వందల మంది ఆడపిల్లలకు ఆమె నీడలో విద్య నేర్పించినారని చెబుతారు. 1792లో తల్లి చనిపోతే మౌలాలి గుట్ట కింద సమాధి కట్టించి, చుట్టూ నాలుగు భాగాల తోట వేయించినది. గుట్టకు వచ్చే యాత్రికుల అక్కరలు చూసుకున్నది. ఆమె పేరుతో ఒక దిగుడుబావి కూడా ఉన్నది. ఈ వ్యాసానికి అసలు కారణం ఆ బావే.

దిగుడుబావిని ఉర్దూలో బౌలీ అంటాము, మన ఊళ్ళలో మెట్లబావి అని కూడా అంటారు. చేదబావిలో నీళ్ళను మన దగ్గరికి లాక్కుంటాము. దిగుడుబావిలో మనమే నీళ్ళ దగ్గరికి దిగిపోతాము. ఎండాకాలంలో నీళ్ళు కిందికి పోతే ఇంకో పది మెట్లు దిగాలి, వానాకాలంలో పైకి వస్తే పైమెట్టు మీదనే బిందె ముంచుకోవచ్చు. బొక్కెన లేనివాడూ, తాడు లేనివాడూ దప్పిక తీర్చుకోవచ్చు. పైన మాడ పగిలే ఎండ ఉన్నా కింది మెట్ల మీద చల్లగా ఉంటుంది. అందుకే బాటసారులు అక్కడ ఆగేవారు, ఆడవాళ్ళు బిందెలు దించి కష్టసుఖాలు చెప్పుకునేవారు. నీళ్ళ కోసం కట్టినది నలుగురు కలిసే చోటు కూడా అయ్యేది. ఈ రోజుల్లో బావులను సాంస్కృతిక వేదికలుగా మారుస్తున్నామని అంటుంటే మాకు నవ్వొస్తుంది. అవి ఎప్పుడు కాలేదు గనుక!

మహలఖా బాయి బావి అడిక్‌మెట్ జాగీరు నేలలో, ఈనాటి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్నది. ఆ విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనా భాషగా మొదలైనది. ఉర్దూ మీడియంలో చదివి ఉర్దూ మీడియంలోనే చెప్పే మావంటి వారికి ఈ మాట రాస్తుంటే గుండె నిండుతుంది. ఉర్దూలో దీవాను రాసిన స్త్రీ జాగీరు నేల మీదనే తర్వాత ఉర్దూలో పెద్ద చదువులు నడిచినవి. ఇది ఎవరూ ఏర్పాటు చేసినది కాదు, అల్లాహ్ తలచినాడు, జరిగినది.

1803లో నిజాం అలీ ఖాన్ పోయినాడు. సికందర్ జా గద్దెనెక్కినాడు. 1804లో అరస్తు జా పోయినాడు. దివాను అయిన మీర్ ఆలం కూడా 1808లో పోయినాడు. ఆమెను ఆదరించిన వారంతా ఒకరి వెనుక ఒకరు వెళ్ళిపోయినా ఆమె గౌరవం తగ్గలేదు. పెళ్ళి చేసుకోలేదు. దిక్కులేని ఆడపిల్లలను చేరదీసి పెంచుకున్నది. 1824లో ఆమె కన్నుమూసినది. తన ఆస్తిని ఇల్లూ వాకిలీ లేని ఆడవారికి చెందాలని రాసిపోయినదని చెప్తారు. తన తల్లీ అమ్మమ్మా పిల్లలను వెంటబెట్టుకొని అన్నం కోసం తిరిగిన రోజులను ఆమె మరిచిపోలేదన్నమాట. ఎంత పైకి పోయినా మొదటి మెట్టు మరువలేదు. ఆమెను తల్లి పక్కనే, ఆ గుట్ట కింది తోటలోనే ఖననం చేసినారు. ఆ ఏడాదే ఆమె కవితలు గుల్జారె మహలఖా పేరుతో వెలువడినవి.

ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు. తోట ఎండినది, గోడలు బీటలిచ్చినవి. 2010లో అమెరికా ప్రభుత్వ నిధుల సాయంతో ఆ సమాధిని, తోటను బాగుచేసే పని జరిగినది. దూరదేశం వాళ్ళు వచ్చి మన షాయరా సమాధికి సున్నం వేయించినారు. వారికి ధన్యవాదాలు చెప్పాలి, మనం కొంచెం సిగ్గు కూడా పడాలి. ఇక అడిక్‌మెట్ బావి సంగతి. 2024లో పర్యాటక శాఖ పాత దిగుడుబావులను దత్తతకు ఇచ్చినప్పుడు దీనిని బాగుచేయడానికి ఇన్ఫోసిస్ సంస్థ ముందుకు వచ్చినది.

పాత బావిని బాగుచేయడమంటే రంగులేసి లైట్లు పెట్టడం కాదు. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి పెద్ద బౌలీ గోడ 2013 వానలకు కూలినది. ఆగాఖాన్ ట్రస్టు వారు దాన్ని మళ్ళీ నిలబెట్టినారు. అక్కడి బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం వచ్చినది. సికింద్రాబాదు బన్సీలాల్‌పేట బావి ఏళ్ళ తరబడి చెత్తకుప్పగా పడి ఉండె. దానిని శుభ్రం చేసి 2022 డిసెంబరులో ప్రజలకు తెరిచినారు. ఇట్లాంటి చోట్ల పని ఒక వరుసలో నడవాలి. మొదట కొలతలు తీసి నక్షా గీయాలి. తర్వాత చెత్త, పూడిక తీయాలి. రాళ్ళ సందుల్లో దిగిన రావి వేర్లను జాగ్రత్తగా తీయాలి, గుంజితే గోడే వచ్చేస్తుంది. కదిలిన రాయిని దాని చోటనే కూర్చోబెట్టాలి. సిమెంటు పూయకుండా సున్నపు గచ్చుతోనే అతకాలి. సిమెంటు తడిని లోపలనే బంధిస్తుంది, దాంతో రాయి పాడవుతుంది. సున్నం తడిని బయటికి వదులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చుట్టుపక్కల వాన నీరు బావిలోకి వచ్చే దారి తెరవాలి. ఊట లేని బావిని ఎంత అలంకరించినా గొయ్యి గొయ్యే.

నీరు వచ్చినాక మనుషులను పిలవాలి. బావి మెట్లే కూర్చునే బల్లలు. మూడు దిక్కుల రాతి గోడలు ఉంటవి గనుక మైకు లేకుండానే షేర్ చివరి మెట్టు దాకా వినపడుతుంది. ముషాయిరా పెట్టవచ్చు, బుర్రకథ పెట్టవచ్చు, బడి పిల్లల చేత పద్యాలు చదివించవచ్చు. అయితే అంచున కటకటాలు ఉండాలి, బావి మోసినంత మందినే పిలవాలి, ప్లాస్టిక్కు గ్లాసు ఒక్కటి కూడా నీళ్ళలో పడకూడదు. ఇంకో మాట. మహలఖా బాయి బావి దగ్గర సభ జరిగితే, తవ్వించిన మనిషి ఎవరో, ఏ కష్టంలోంచి వచ్చినదో మొదట చెప్పాలి. బావిని మెరిపించి మనిషిని దాచిపెడితే ఆ పని సగమే.

ఇక మన సంగతి. మా ఊళ్ళో కూడా ఒక పాత మెట్లబావి ఉండె. మా చిన్నతనంలో ఈత నేర్చుకున్నది అందులోనే. నల్లాలు వచ్చినవి, బోర్లు వచ్చినవి, బావితో పని తీరినది. ఇల్లు ఊడ్చిన చెత్త మొదట ఒకరు వేసినారు, తర్వాత అందరూ వేసినారు. మేమూ వేసినాము. ఈ తప్పును ఏ ఆఫీసు మీదికో నెట్టేసి మేము తప్పించుకోము. ఇప్పుడు ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే చోటు ఆ బావి గడ్డ మీదనే. కాకతీయుల గణపురం చెరువును చూసి పెరిగిన భూపాలపల్లి వారికి, వరంగల్ శివనగర్ మెట్లబావిని చూసిన వారికి నీళ్ళ విలువ మేము వేరే చెప్పనక్కర లేదు. జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు జిల్లాల్లో మన ఊళ్ళల్లో ఇట్లాంటి బావులు ఎన్ని పూడిపోయినవో ఎవరి ఊరి లెక్క వారే తీయాలి.

మన సంఘం ప్రతి ఏడూ పిల్లలకు పుస్తకాలు ఇస్తున్నది, బీద ఆడపిల్లల పెళ్ళిళ్ళకు సాయపడుతున్నది. మంచి పనులే. ఈ ఏడు రెండు పనులు కలపమని పెద్దలను కోరుతున్నాము. ఒకటి, ఏదో ఒక ఊరిలో ఒక్క బావిని ఎంచుకొని, ఊరి హిందూ ముస్లిం సోదరులతో కలిసి, పంచాయతీ అనుమతితో, తెలిసిన మేస్త్రీని పెట్టుకొని పూడిక తీయడం. నీళ్ళకు కులం లేదు, మతం లేదు, చెత్తకూ లేదు. రెండు, ఆ బావి మెట్ల మీద జరిగే మొదటి సభలో ఆడపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టి, వారు రాసినది వారి చేత చదివించడం. పదో తరగతితో చదువు ఆపేసిన పిల్లలను కూడా పిలవాలి.

మేము మా వంతు మొదలుపెట్టినాము. ఈ ఏడాది ఎనిమిదో తరగతిలో గజల్ పాఠం వచ్చిన రోజు మహలఖా బాయి పేరు బోర్డు మీద రాసినాము. ఆమె ఏ ఇంట పుట్టినది, ఏ పని చేసి బతికినది, ఏమి రాసినది, ఏమి ఇచ్చిపోయినది అన్నీ దాచకుండా చెప్పినాము. మేము భయపడినట్లు ఎవరూ ముసిముసి నవ్వులు నవ్వలేదు. పిల్లలు అడిగినది ఒక్కటే, ఆ బావిలో ఇప్పుడు నీళ్ళు ఉన్నవా అని. సెలవుల్లో అడిక్‌మెట్‌కు తీసుకపోయి చూపిస్తామని మాట ఇచ్చినాము. ఈసారి రేపు అనలేదు, తారీఖు కూడా బోర్డు మీదనే రాసినాము.

అల్లాహ్ ఆమెను కరుణించు గాక. మన ఊళ్ళ బావుల్లో మళ్ళీ నీళ్ళు నిండు గాక. ఆమీన్.